దాలికి చోటు

మధ్యాహ్నం అన్నం తిని నడుం వాల్చానో లేదో బెల్లు మోగింది. ఈ వయసులో మంచం దిగడమంటే చిన్న పని కాదు. మోకాళ్ళని బతిమాలుకుని, గోడ పట్టుకుని వెళ్ళి తలుపు తీస్తే మా అపార్ట్‌మెంట్ సెక్రటరీ నిలబడి ఉన్నాడు. ఏదో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే కుర్రాడు. చేతిలో ఫోను, మొహం నిండా ఉత్సాహం. ఆ ఉత్సాహం చూస్తేనే నాకున్న కాస్త ఓపికా పోతుంది.

"డిస్టర్బ్ చేశానా ఆంటీ?"

చేసేశాక అడగడం వీళ్ళకో మర్యాద. "లేదులే, చెప్పు నాయనా" అన్నాను.

బిల్డింగ్ వెనకాల ఖాళీ చోటులో ఫైర్ పిట్ పెట్టుకుందామని గ్రూపులో అందరూ అనుకున్నారట. నేలమీద ఓ ఇనప గుంట, అందులో కట్టెల మంట, చుట్టూ కుర్చీలు, చలికాలం సాయంత్రాలు అక్కడ కూర్చుని కబుర్లు. వస్తువు ఆన్‌లైన్‌లో తెప్పించేశాడు కూడా. తీరా అది వచ్చాక ఎక్కడ పెట్టాలన్న దగ్గర గొడవ మొదలైంది. వాళ్ళ బాల్కనీ కింద వద్దంటే వీళ్ళ బాల్కనీ కింద వద్దని ఒకటే మెసేజీలట.

"మీరు ఇక్కడే పెరిగారంట కదా ఆంటీ. ఈ బిల్డింగ్ కట్టకముందు మీ ఇల్లే ఉండేదంట. ఒక్కసారి కిందికొచ్చి ఏ ప్లేస్ సేఫో చెప్పేయండి. మీ మాటంటే అందరూ వింటారు."

నా మాట ఎవరు వింటారో నాకు తెలుసు. అయినా దిగాను. గోడ వారగా చూస్తే పైన పక్క హాస్టల్ పిల్లల బనియన్లూ తువ్వాళ్ళూ తోరణాల్లా వేలాడుతున్నాయి. ఎడమ పక్క ట్రాన్స్‌ఫార్మర్. కుడి పక్క మా అందరి వంటిళ్ళకీ గొట్టాలు వెళ్ళే గ్యాస్ సిలిండర్ల గది. మధ్యలో కార్లు, వాటి మీద కప్పిన ప్లాస్టిక్ బట్టలు. ఎటు చూసినా కేబుల్ వైర్లు. మెడ నొప్పి పుట్టేదాకా పైకీ కిందికీ చూశాను.

"ఇక్కడ నిప్పుకి చోటు లేదు నాయనా. ఎవరిదో ఒకరిది అంటుకుంటుంది. దాన్ని వెనక్కి పంపించెయ్."

"దానికి రిటర్న్ లేదాంటీ" అన్నాడు దిగాలుగా. టెర్రస్ మీద ఎలా ఉంటుందో చూసొస్తానని లిఫ్టు ఎక్కాడు. నాకు మళ్ళీ పైకి వెళ్ళే ఓపిక లేక వాచ్‌మన్ ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని అక్కడే కూలబడ్డాను. కూర్చున్నాక తెలిసింది, అది మా పాత పెరట్లో తూర్పు గోడ ఉండే చోటని. ఒకప్పుడు నిప్పుకి చోటు వెతుక్కుంటూ మా నాయనమ్మ పీట వేసుకుని కూర్చున్నది కూడా అక్కడే.

ఇప్పుడు అమీర్‌పేటలో తల ఎత్తితే మెట్రో, తల దించితే కాళ్ళ కింద కోచింగ్ సెంటర్ల కరపత్రాలు. అప్పుడు మాది పెంకుటిల్లు. నాన్న ఉద్యోగం కోసం కోస్తా నుంచి వచ్చి, అప్పూ సప్పూ చేసి కొనుక్కున్నాడు. ఇంటి వెనకాల పొడుగాటి పెరడు, పెరట్లో ఒక జామచెట్టు, ఒక కుళాయి, ఆ చివర్నుంచి ఈ చివరికి బట్టల తీగ. పడమటి వైపు కంచె అవతల బర్రెలాయన ఉండేవాడు. ఆయన గడ్డివాము మా కంచెని ఆనుకునే ఉండేది. తూర్పు వైపు గోడ, గోడ అవతల సాబ్ గారి రజాయిల షెడ్డు. సాబ్ బొంతలూ పరుపులూ కుట్టించి అమ్మేవాడు. షెడ్డు నిండా దూది. బోరబండ నుంచి ఆడవాళ్ళు వచ్చి కూర్చుని దూదిలో గింజలూ పొట్టూ ఏరేవాళ్ళు. ఇంటికి వెళ్ళేటప్పుడు వాళ్ళ జుట్టూ కనుబొమలూ తెల్లగా నెరిసిపోయినట్టు ఉండేవి. సాబ్ భార్యని నేను ఖాలా అని పిలిచేదాన్ని. వాళ్ళ షెడ్డు దాటితే ఇక ఇళ్ళు లేవు, పంజాగుట్ట వైపు అంతా బండరాళ్ళే.

నాయనమ్మ మా ఇంటికి వచ్చింది ఓ ఎండాకాలం. తాతయ్య పోయాక ఊళ్ళో చిన్నతాతయ్య గారింట్లో ఉండేది. అక్కడ ఆవిడని తిన్నావా అని అడిగే దిక్కు లేదని ఎవరో చెబితే, నాన్న సెలవు పెట్టి వెళ్ళి వెంటబెట్టుకొచ్చాడు. రైల్లో దారి పొడుగునా ఆవిడ ఒళ్ళో పాతచీరలో చుట్టిన మట్టికుండ ఒకటుందట. ఎవరు ఎంత చెప్పినా కింద పెట్టలేదట. ఇంట్లో అడుగుపెట్టి, కాళ్ళు కడుక్కుని, మంచినీళ్ళైనా తాగకుండా అడిగిన మొదటి మాట, "దాలి ఎక్కడరా?" అని.

దాలి అంటే ఈ కాలం వాళ్ళకి తెలియదు. పెరట్లో మోకాలి లోతున గుండ్రంగా గొయ్యి తవ్వి, లోపల మట్టితో మెత్తి, పిడకలూ ఊకా వేసి రాజేస్తారు. మంట రానివ్వరు. పైన బూడిద కప్పితే నిప్పు లోపల్లోపలే ఉంటుంది. దాని మీద పాలకుండ పెట్టి చిల్లుల మూకుడు మూస్తే, పొద్దున్న పెట్టిన పాలు సాయంత్రం దాకా కాగుతూనే ఉంటాయి. పొంగవు, మాడవు. పొద్దు వాలేసరికి లేత ఎరుపు తిరిగి, పైన అట్టంత మీగడ కడతాయి. ఆ పాలకి తోడుపెడితే పెరుగు కత్తితో కోసుకోవాలి. ఊళ్ళో ఆ దాలి నాయనమ్మ చేతిలోనే ఉండేది. మనిషి అక్కర్లేకపోయినా ఆవిడ కాచిన పాలు అందరికీ కావాలి.

"ఇక్కడ దాలెందుకు అత్తయ్యా? కిరసనాయిలు స్టవ్వుంది కదా, అయిదు నిమిషాల్లో కాగిపోతాయి" అంది అమ్మ.

"అవి పాలు కావమ్మాయ్, తెల్లనీళ్ళు."

నాన్న నవ్వి ఊరుకున్నాడు. రెండు రోజులు పోతే ఆవిడే మర్చిపోతుంది అనుకున్నాడు. ఆవిడ మర్చిపోలేదు. పాలు ముట్టలేదు, పెరుగు వేసుకోలేదు. చారుతో ఇంత తిని లేచిపోయేది. ఒకరోజు నాన్న ఆఫీసుకి వెళ్ళబోతుంటే గుమ్మంలో నిలబడి, "ఒరేయ్, నాకు దాలికి చోటు చూపిస్తే ఉంటాను. లేదంటే రైలెక్కించెయ్. పని లేకుండా కొడుకింట్లో కూర్చుని తినడం నాకు చేతకాదు" అంది.

అప్పటికే నేను నాయనమ్మకి అలవాటు పడిపోయాను. నాన్నకి ఆఫీసు, అమ్మకి ఎప్పుడూ ఏదో ఒక నలత. ఆవిడ వచ్చేదాకా ఆ ఇంట్లో నాతో మాట్లాడే మనిషి లేదన్న సంగతే నాకు తెలియదు. నాకు జడ వేస్తూ, పేలు చూస్తూ, కాలవల గురించీ దొంగల గురించీ దయ్యాల గురించీ చెబుతూ ఉండేది. దాలి కుదరకపోతే ఇదంతా పోతుందని నాకు అర్థమైంది. అందుకని ఆ క్షణం నుంచీ దాలికి చోటు వెతికే పనిలో నేను కూడా చేరాను.

చోటు చూడడానికి నాయనమ్మకి ఒక పద్ధతి ఉండేది. రోజూ పొద్దున్నే కొబ్బరిచిప్పలో పిడక ముక్క వెలిగించి అనుకున్న చోట పెట్టేది. పక్కనే పీట వేసుకుని కూర్చునేది. పొగ ఎటు పోతోందో, ఎంత ఎత్తు లేచాక వంగుతోందో, ఏ గోడకి కొట్టుకుని తిరిగొస్తోందో చూసేది. "పొగ పోయిన దారినే నిప్పురవ్వ కూడా పోతుందే" అనేది. పొగ వెనకాల పరుగెత్తి, ఎక్కడిదాకా వాసన వస్తోందో చెప్పడం నా పని. అలా ఒకరోజు జామచెట్టు కింద, ఒకరోజు కుళాయి దగ్గర, ఒకరోజు కంచె పక్కన. నా జుట్టంతా పిడకల వాసన కొడుతోందని అమ్మ ఒకటే గోల.

"సర్వే ఇంకా ఎంతకాలం అమ్మా?" అనేవాడు నాన్న సాయంత్రం వచ్చి.

"నిప్పు వ్యవహారంరా. తొందర పడకు" అనేది.

ఊరికే కాదు ఆలస్యం. నడిమధ్యన పెట్టడానికి లేదు, దాలికి ఒక పక్క గోడ చాటు ఉండాలి, పైగా అక్కడ బట్టల తీగ. మిగిలినవి రెండే వైపులు. పడమట గడ్డివాము, తూర్పున దూది. బర్రెలాయన మాత్రం ఎక్కడ పెట్టినా ఫరవా లేదన్నాడు. పాలూ పిడకలూ ఆయన దగ్గరే కొనేవాళ్ళం. "అమ్మా, పిడకలు మస్తుగున్నయ్, ఎన్ని గావాల్నో చెప్పు. గడ్డి ఫికర్ నువ్వెందుకు చేస్తవ్" అన్నాడు. బేరం వస్తోందంటే ఎవరికైనా గాలి సంగతి గుర్తుకు రాదు కదా.

చివరికి నాయనమ్మ తూర్పు గోడని ఖాయం చేసింది. నాన్న కొంచెం నసిగాడు. "అవతల దూది షెడ్డుంది కదమ్మా?"

"అందుకేరా అక్కడ పెడుతున్నది. పొద్దున గాలి కదలదు, నువ్వూ చూశావు. మధ్యాహ్నం దాటాక సముద్రం మీంచి గాలి తిరుగుతుంది. తూర్పు నుంచి ఇటు కొడుతుంది. రవ్వలు లేచినా మన పెరట్లోకే వస్తాయి గానీ గోడ దాటవు. అదే కంచె దగ్గర పెట్టామనుకో, నేరుగా గడ్డివాములో పడతాయి."

నాన్న "అవును, నిజమే" అన్నాడు. ఎన్నేళ్ళనుంచో ఈ ఊళ్ళో ఉంటున్న మనిషి. కానీ రోజంతా ఆఫీసులో ఫ్యాను కింద ఉండేవాడికి గాలి ఎటు నుంచి వస్తే ఏంటి? ఆయన ఒంట్లో ఉన్నదీ చిన్నప్పటి సముద్రపు గాలే. అమ్మదీ ఆ వైపే. మా ఇంట్లో అందరికీ మధ్యాహ్నం దాటితే గాలి తూర్పు నుంచి రావడమన్నది సూర్యుడు పడమట అస్తమించడమంత ఖాయం.

గొయ్యి తవ్వుతుంటే ఖాలా గోడ మీంచి తొంగి చూసింది. "అమ్మా, గోడకే పెడుతుండ్రా?" అని అడిగింది. నాయనమ్మ ఆవిడకీ ఓపిగ్గా అంతా చెప్పింది.

"సముందరా? గీడ సముందర్ యాడుందమ్మా?" అని ఖాలా పకపకా నవ్వింది.

"ఎక్కడున్నా తూర్పునేగా ఉంది" అంది నాయనమ్మ. ఖాలా నవ్వుతూనే గోడ దిగిపోయింది. పెద్దావిడ, కొత్తగా వచ్చింది, సరదా పడుతోంది, ఎందుకులే అనుకుంది కాబోలు.

దాలి వెలిగింది. ఆ రోజు నుంచి మా ఇల్లు మారిపోయింది. పొద్దున్న నిద్రలేచేసరికి పిడకల పొగ, పదింటికల్లా వెచ్చని పాల వాసన, సాయంత్రానికి ఆ వాసన చిక్కబడి వీధి గుమ్మం దాకా వచ్చేది. స్టవ్వు పాలే చాలనే అమ్మ కూడా రాత్రి పెరుగన్నంలో మీగడ ఇంకాస్త వేసుకునేది, ఎవరూ చూడకుండా. నాయనమ్మ కునుకు తీసినప్పుడు నేను బొప్పాయి కాడ ఒకటి మూకుడు చిల్లులోంచి దూర్చి పాలు పీల్చేదాన్ని. నోరు కాలి మంట పుట్టేది, అయినా మానేదాన్ని కాదు. సాయంత్రం మీగడకి చిల్లు చూసి నాయనమ్మ, "ఈ ఊళ్ళో పిల్లులు గడ్డిపోచలతో తాగుతాయే!" అనేది.

పండగకి ఖాలా వాళ్ళు పాయసం చేసుకుంటారని తెలిసి, నాయనమ్మ చెంబెడు దాలి పాలు గోడ మీంచి అందించింది. ఆ సాయంత్రం ఖాలా ఆ పాలతోనే చేసిన పాయసం గిన్నెలో పోసి ఇచ్చింది. నాయనమ్మ తీసుకుని, కళ్ళకద్దుకుని, నా చేతిలో పెట్టింది. తను ముట్టలేదు. ఆవిడ మడి అలాంటిది, ఇవ్వడానికి అడ్డం రాదు, పుచ్చుకోవడానికే వస్తుంది. ఖాలా ఏమీ అనుకోలేదు. నేను మాత్రం గిన్నె అడుగంటా నాకేశాను.

దూదిలో దూకడం నా ఇంకో సరదా. ఖాలా లోపల వంటలో ఉన్నప్పుడు షెడ్డులోకి జొరబడి దూది కుప్పమీదికి ఎగిరి దూకేదాన్ని. నడుం దాకా దిగబడిపోయేదాన్ని. పట్టుబడితే సాబ్ ఏమీ అనేవాడు కాదు, నా నెత్తి మీద పింజలు ఏరుతూ, "జర పైలం బేటీ, ఊపిరాడదు" అనేవాడు.

మృగశిర వచ్చింది. ఆ రోజు ఊరంతా చేపలు వండుకుంటారు. ఆ వాసనకి నాయనమ్మ పొద్దున్నుంచీ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకునే తిరిగింది. ఎండలు తగ్గి మబ్బు పట్టింది. మర్నాడో ఆ మర్నాడో, మధ్యాహ్నం భోజనాలయ్యాక నాయనమ్మ పెరట్లోకి వెళ్ళింది. మూకుడు తీసి, కుండ పక్కకి దించి, నిప్పు మందగించిందని కర్రతో కెలికింది. పొద్దు తిరిగింది కదా, గాలి తన వైపే వస్తుందన్న ధీమాతో పడమటి వైపు వీపు పెట్టి కూర్చుంది. అప్పుడు వచ్చింది గాలి, ఆవిడ వీపు వెనక నుంచి. జామాకులు తిరగబడ్డాయి, తీగ మీది బట్టలన్నీ ఎగిరి తూర్పుకి చాచుకున్నాయి. దాలిలోంచి ఎర్రటి పిడకపొడి గుప్పున లేచి గోడ దాటిపోయింది. నేను గుమ్మంలో నిలబడి చూశాను.

దూది ముందు మండదు. లోపల్లోపల ఎర్రబడుతుంది. కాసేపు ఏమీ జరగలేదు. తర్వాత గోడ అవతల నుంచి ఖాలా కేక వినిపించింది, "ఆగ్! ఆగ్ లగ్ గయీ!" అని. ఆడవాళ్ళందరూ దగ్గుకుంటూ బయటికి పరుగెత్తుకొచ్చారు. సాబ్ లోపలికి వెళ్ళి రాజుకున్న కుప్పని చేతులతోనే బయటికి ఈడ్చాడు. అమ్మ చీర ఎగదోపి కుళాయి దగ్గర నుంచి బకెట్లు గోడ మీంచి అందించింది. మా అమ్మ పరుగెత్తగలదని నాకు ఆ రోజే తెలిసింది. బర్రెలాయన తడి గోనెలు తెచ్చాడు. షెడ్డు నిలబడింది గానీ, దూది కుప్ప పోయింది, ఎవరిదో పెళ్ళికని కుట్టి పెట్టిన రజాయిలు పోయాయి. సాబ్ కుడి చెయ్యి మోచేతి దాకా బొబ్బలెక్కిపోయింది.

ఇంత జరుగుతుంటే నాయనమ్మ మూకుడు చేత్తో పట్టుకుని నిలబడిన చోటే నిలబడి ఉంది. అందరూ శాంతించాక, "గాలి ఇటెందుకు వచ్చింది?" అంది. ఎవర్ని అడిగిందో తెలియదు. ఆ సాయంత్రం ఆవిడే దోసిళ్ళతో మన్ను పోసి దాలి పూడ్చేసింది.

కొన్నాళ్ళకి సాబ్ చేతికి కట్టుతో వీధి గుమ్మం వైపు నుంచి వచ్చాడు. దెబ్బలాటకే వచ్చాడనుకుని నాన్న కంగారుగా ఎదురెళ్ళాడు. ఆయన లోపలికి వచ్చి కూర్చోకుండా, నాయనమ్మ వైపు చూసి చెప్పాడు.

"అమ్మా, జర ఇనుండ్రి. వానకాలం మొత్తం గీడ గాలి పడమటి దిక్కు నుంచే వస్తది. మా షెడ్డు ఎన్కకు జాగ ఖాళీగుంది. దాలి ఆడ పెట్టుకోండ్రి. ఆడికెళ్లి రవ్వ లేస్తే రాళ్ల మీదనే పడ్తది, ఎవ్వలకి నుక్సాన్ లేదు. గోడకు నాలుగిటుకలు తీపిస్త. మీరు రానుపోను తొవ్వ అయితది."

నాకైతే ఎగిరి గంతెయ్యాలనిపించింది. నాయనమ్మ రెండు చేతులూ ఎత్తి సాబ్‌కి దణ్ణం పెట్టింది. "ఆలోచించి చెబుతాను బాబూ" అంది.

ఆలోచించింది. రోజూ మధ్యాహ్నం గోడ దగ్గర ఒక్కతే నిలబడేది. నాన్న ఉండబట్టలేక అడిగాడు.

"నా వల్ల కాదురా. నన్ను ఊరికి పంపించెయ్" అంది.

"అక్కడ నిన్ను చూసేవాళ్ళెవరమ్మా? ఆయన చెయ్యి కాలి కూడా అంత మంచిగా వచ్చి అడిగాడు. వాళ్ళ నేల మీద పాలు కాస్తే మైలపడిపోతాయా? ఇంకా ఎన్నాళ్ళీ మడి?"

నాయనమ్మ నాన్న మొహంలోకి చూసి, "అలాగే అనుకో" అంది.

నాన్న అరిచాడు. అంతకుముందు ఎప్పుడూ తల్లి మీద అరవలేదు. అమ్మ కూడా, దాలి వద్దన్న అమ్మే, "ఒక్క గోడ దాటడానికి ఏంటత్తయ్యా మీకు" అని ఏడ్చింది. నాకు ఎంత కోపం వచ్చిందంటే, ఆ సాయంత్రం కావాలని ఖాలా ఇంటికి వెళ్ళి, నాయనమ్మకి కనపడేట్టు గోడ దగ్గర నిలబడి వాళ్ళ కప్పులో టీ తాగాను. ఆవిడ చూసింది. "వేడిగా ఉందేమో, ఊదుకుని తాగు" అంది.

స్టేషన్లో నాన్న ఆవిడ మొహం చూడకుండా సామాను సర్ది, ప్లాట్‌ఫారం మీద గడియారం వైపు చూస్తూ నిలబడ్డాడు. కుండ ఆవిడ ఒళ్ళోనే ఉంది. నేను ఏడుస్తుంటే, "జడ మీ అమ్మ వదులుగా వేస్తుంది, గట్టిగా వేయించుకో" అని చెప్పింది. రైలు కదిలింది.

ఆ చలికాలంలోనే పోయింది. కబురు అంది నాన్న వెళ్ళేసరికి ఆలస్యమైంది. చివరి రోజుల్లో వసారాలో ఒక్కతే పడుకునేదట. గుండుతో తిరిగొచ్చాక నాన్న ఒకే మాట అన్నాడు, "పంతం మనిషి. పంతానికే పోయింది" అని. ఏటా తద్దినం రోజున ఆ మాట అనేవాడు. మేం ఎవరం కాదనేవాళ్ళం కాదు. తల్లి మీద కోపం ఉన్నంతసేపూ ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకోలేదు.

చాలా ఏళ్ళు గడిచాయి. మా స్థలమూ సాబ్ గారి స్థలమూ కలిపి ఒకే బిల్డర్‌కి ఇచ్చేశాం. సాబ్ అప్పటికే పోయాడు. ఖాలా కొడుకు దగ్గరికి టోలిచౌకి వెళ్ళిపోతోంది. సామాను కట్టేసిన రోజున చూడ్డానికి వెళ్తే, ట్రంకుపెట్టె మీద కూర్చుని ఉంది. ఎవరెవర్నో తలుచుకున్నాం. నాయనమ్మ మాట వచ్చింది. ఆవిడ మడి మీకు బాధ కలిగించి ఉంటుంది ఖాలా, అన్నాను.

ఖాలా నా వైపు అదోలా చూసింది.

"మడి అని ఎవరు చెప్పిండ్రు బిడ్డా? ఊరికి పోయే ముంగట రోజూ గోడకాడికి వస్తుండె గదా. నా దగ్గర ఇంత దూది అడిగి తీస్కొని, గట్ల గాలిలకు ఇడిసి చూస్తుండె. ఒకపూట గిటు పోతది, ఒకపూట గటు పోతది. ఒకరోజు నా చెయ్యి పట్టుకొని ఏడ్సింది. ‘పుట్టిన కాడి నుంచి చూసిన గాలే నన్ను మోసం చేసిందమ్మా, మీ పిల్లలున్న ఇంటి పక్కన మళ్ళా నిప్పు పెట్టాలంటే నాకు భయమేస్తోంది’ అన్నది. మేం చూస్కుంటం అమ్మా, నువ్వు ఫికర్ చెయ్యకు అన్న. ‘నువ్వు చూస్తే అది నా దాలి ఎట్లవుతది’ అన్నది."

"మరి నాన్నతో ఎందుకు చెప్పలేదు?"

"నేను సుత గదే అడిగిన. ‘భయమని తెలిస్తే వాడు నన్ను పోనియ్యడు. మడి అనుకుంటే కోపమొచ్చి రైలెక్కిస్తాడు. నువ్వూ చెప్పకు’ అని ఒట్టేయించుకున్నది. గిప్పుడు అందరం పోతున్నం గదా, నీకన్న చెప్పకపోతే ఎట్ల అని చెప్తున్న."

ఆటోలో ఇంటికి వస్తుంటే, గోడ మీంచి నా కప్పు వైపు చూసిన ఆవిడ మొహం కళ్ళ ముందు నుంచి కదల్లేదు. బిల్డింగ్ పూర్తయ్యేదాకా మేం ఎస్.ఆర్. నగర్‌లో అద్దెకుండేవాళ్ళం. నాన్న నా దగ్గరే ఉండేవాడు. అప్పటికి చూపు సగం పోయింది, తల్లి పేరు చెబితే మాత్రం అదే కోపం. తలుపు తీస్తూనే నాకు తెలిసిపోయింది, ఆ కోపం కూడా తీసేస్తే ఈ మనిషి తట్టుకోలేడని.

"ఏమంటుంది ఖాలా?" అన్నాడు, కంచం ముందు కూర్చుంటూ.

"ఏవో పాత కబుర్లు నాన్నా."

"మీ నాయనమ్మ గురించి అందా?"

"అంది."

"ఏమంది?"

నేను ఆయన కంచంలో పెరుగు వేశాను.

"పంతం మనిషి అంది."

"చూశావా? నేను ఎప్పట్నుంచో చెబుతున్నది అదే కదా" అని నాన్న అన్నం కలుపుకున్నాడు.